ఓజోన్‌కు కప్పిన శాలువా

నేను సిద్దిపేటలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. జీతం ఇచ్చేది అందుకే. పాఠాలు అయిపోయాక మిగిలిన పొద్దంతా గాలిలో ఓజోన్ ఎంత ఉందో కొలుస్తాను. దీనికి జీతం ఇవ్వరు గానీ, ఎందుకు కొలుస్తున్నావని మాత్రం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

మొట్టమొదట అడిగింది మా బాపు. దుబ్బాకలో మగ్గం మీద తువ్వాళ్లు నేసేవాడు. నేను హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరిన రోజు ఫోన్ చేస్తే, మగ్గం ఆపి మరీ విన్నాడు.

"గాలి మీద సదువా? గాలిల ఏముంటది బిడ్డా సదువనీకి?"

"శాన ఉంటయి బాపూ. కండ్లకు కనవడయి గంతే."

"కనవడనిదాని మీద సదివితె డాక్టరని పేరిస్తరా?"

"ఇస్తరు."

"మరి సూదులేస్తవా?"

వెయ్యనన్నాను. కాసేపటికి ఫోన్‌లో మగ్గం చప్పుడు మళ్లీ వినిపించింది.

జరిగింది చెప్పే ముందు ఓజోన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. విమానాలు తిరిగే ఎత్తుకు పైన ఉండే ఓజోన్, ఎండలోని చెడ్డ కిరణాలను మన మీద పడనివ్వదు. అదే ఓజోన్ కింద, మనం పీల్చే గాలిలో ఉంటే ఊపిరితిత్తులను గీరుతుంది, దగ్గు తెప్పిస్తుంది, ఆయాసం పెంచుతుంది. పొయ్యిలో ఉన్న నిప్పూ, కొంగుకు అంటుకున్న నిప్పూ ఒకటే కదా, అట్లా. ఇంకో చిక్కు కూడా ఉంది. ఓజోన్‌ను ఏ బండీ నేరుగా వదలదు. బండ్ల పొగ ఎండలో కాగి కాగి ఓజోన్‌గా మారుతుంది. అయితే అప్పుడే వెలువడిన పచ్చి పొగ, చుట్టూ ఉన్న ఓజోన్‌ను తినేస్తుంది కూడా. అందువల్ల బండ్లు కిక్కిరిసిన చౌరస్తాలో ఓజోన్ తక్కువగా ఉంటుంది. ఆ పొగ గాలికి కొట్టుకుపోయి చేరిన పల్లెలో ఎక్కువగా ఉంటుంది. ఎసరు పెట్టేది పట్నం, ఉడికేది ఊళ్లో.

ఇది నేను కనిపెట్టిన సంగతి కాదు. ఎక్కడెక్కడో ఎప్పుడో చూసేశారు. సిద్దిపేటలో ఎవరూ చూడలేదు, అంతే. మాలాంటి చిన్న కాలేజీల పరిశోధన చాలావరకు ఇదే: లోకమంతా తెలిసినదాన్ని మన దగ్గర కూడా నిజమేనా అని చూసి, నిజమేనని రాసి, ప్రమోషన్ ఫైలులో పెట్టుకోవడం.

నా దగ్గర రెండు మిషన్లు ఉండేవి. ఒకటి కొత్తది, ఒకటి హైదరాబాద్‌లో మా గైడు వాడి వాడి పక్కన పెట్టింది. రెండూ సూట్‌కేసంత డబ్బాలు. సన్నటి తెల్ల గొట్టంతో గాలి పీల్చి, అంకె చూపిస్తాయి. ఒకదాన్ని చౌరస్తాలో ఒక మొబైల్ షాపు డాబా మీద పెట్టాము. రెండోదానికి ఒక పల్లె కావాలి. దుబ్బాక రోడ్డులో ఒక ఊరు నచ్చింది. పేరు ఎందుకులెండి. సర్కారు బడి డాబా మీద నీడా, కరెంటూ రెండూ ఉన్నాయి. సర్పంచ్ అనుమతి కావాలన్నారు హెడ్‌మాస్టరు.

మా ల్యాబ్ అటెండర్‌ను తీసుకుని సర్పంచ్ ఇంటికి వెళ్లాను. అరుగు మీద తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"డబ్బ వెడితె ఊరికేమన్న వస్తదా మేడం?"

"లెక్క వస్తది సార్. గాలి ఎట్లున్నదో తెలుస్తది."

"లెక్క గాదు. స్కీమేమన్న వస్తదా?"

"రాదు."

"సరే పెట్టుకోండ్రి. మీటింగేమన్న వెడితె మాత్రం నన్ను పిలువుండ్రి." చొక్కా జేబులోంచి రబ్బరు స్టాంపు తీసి నా కాగితం మీద గట్టిగా కొట్టాడు. లోపలికి కేకేసి, కాగితం పంపించి, సంతకం పెట్టించి తెప్పించాడు. ఆ సంతకం పెట్టినావిడే తర్వాత మాకు టీ తెచ్చింది. సర్పంచ్ ఎవరో నాకు అప్పుడు అర్థమైంది. సర్పంచ్ గారు ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. సర్పంచ్‌గిరీ మాత్రం అరుగు మీదే కూర్చుని, మాకు ఊరి చరిత్ర చెప్పింది.

ఆ ఎండాకాలమంతా రెండు డబ్బాలూ నడిచాయి. అనుకున్నట్టే వచ్చింది. మధ్యాహ్నాలు చౌరస్తా డబ్బా నీరసంగా ఉండేది, ఊళ్లో డబ్బా ఎగిరెగిరి పడేది. నేను సంతోషపడ్డాను. ఊరివాళ్లు చెడ్డ గాలి పీలుస్తున్నారని తేలితే సంతోషం ఏమిటని అడగకండి. గ్రాఫు అందంగా వస్తే మా పరిశోధకుల జాతి అట్లాగే సంతోషపడుతుంది.

సెప్టెంబరులో ఓజోన్ దినం వస్తుంది. ఆ బడిలోనే మీటింగ్ పెట్టమన్నారు మా ప్రిన్సిపాల్. మాటిచ్చాను కాబట్టి సర్పంచ్ భర్తను పిలిచాను. వెళ్లేసరికి పిల్లలు అట్టలు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. "ఓజోన్‌ను కాపాడుదాం." "ఓజోన్ మన ప్రాణం." ఒక అట్ట మీద "ఓజోన్ లేనిదే ఊరు లేదు" అని కూడా ఉంది. నేను అర్ధగంట మాట్లాడాను. పైన ఉంటే మంచిది, కింద ఉంటే చెడ్డది అని మూడుసార్లు చెప్పాను. బోర్డు మీద బొమ్మ వేశాను. ఈ ఊళ్లో మధ్యాహ్నం పట్నం కన్నా ఎక్కువ ఉందని కూడా చెప్పాను. అక్కడ చప్పట్లు పడ్డాయి. ఎందుకు పడ్డాయో నేను ఆగి ఆలోచించలేదు.

తర్వాత మైకు సర్పంచ్ భర్త చేతికి వెళ్లింది.

"మన ఊర్ల సిద్దిపేట కన్న ఎక్కువ ఓజోన్ ఉన్నదని మేడం మిషిని వెట్టి మరీ తేల్చింది! అందరు పట్నం పట్నం అని ఉరుకుతున్రు. ఏమున్నదయ్యా పట్నంల? అసలు ఓజోన్ గీడ ఉన్నది!"

మళ్లీ చప్పట్లు. హెడ్‌మాస్టరు లేచి నా భుజాల మీద శాలువా కప్పారు. సర్పంచ్ భర్త నా పక్కన నిలబడ్డాడు. విలేకరి ఒకాయన ఫోటో తీశాడు. నేను నవ్వాను. మైకు లాక్కుని "కాదు" అని ఉండాల్సింది. శాలువా మెత్తగా ఉంది, జనం చూస్తున్నారు, ఫోటో తీస్తున్నారు. నవ్వాను.

పిల్లలు బూందీ పొట్లాల మీద పడ్డాక సర్పంచ్ నా దగ్గరికి వచ్చింది. నా కన్నా అయిదారేళ్లు పెద్దది. వేదిక మీద అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడమననూ లేదు.

"మేడం, కింద ఉంటె మంచిది గాదన్నరు మీరు. మా ఊర్ల ఎక్కువున్నదన్నరు. మా ఆయనేమొ సంబురపడుతుండు. మీ ఇద్దర్ల ఎవరిది నిజం?"

"నేను చెప్పిందే నిజమక్కా."

"మరి శాలువ ఎందుకు కప్పుకున్నరు?"

పీహెచ్‌డీ వైవాలో నన్ను అయిదుగురు ప్రొఫెసర్లు గంటన్నర ప్రశ్నలు అడిగారు. ఒక్కరు కూడా ఇలాంటిది అడగలేదు. ఏదో గొణిగి, వ్యాను వచ్చిందని చెప్పి వచ్చేశాను.

మరుసటి రోజు జిల్లా పేజీలో వార్త వచ్చింది. "ఓజోన్‌లో పట్నాన్ని మించిన పల్లె." శాలువాతో నా ఫోటో బాగా వచ్చింది. విలేకరికి ఫోన్ చేసి తప్పు దిద్దమనాలి. రేపు చేద్దామనుకున్నాను. రేపు కూడా రేపు చేద్దామనే అనుకున్నాను. ఈలోగా ఆ ముక్క కత్తిరించి ఫైలులో పెట్టాను. స్టాఫ్‌రూంలో ఎవరైనా అడిగితే చూపించడానికి వీలుగా, పైన పెట్టాను.

ఒక పొద్దున అటెండర్ ల్యాబ్‌లోకి వస్తూనే అన్నాడు. "మేడం, దుబ్బాక రోడ్డు మీద మీ ఫ్లెక్సీ వెట్టిన్రు."

"నా ఫ్లెక్సీనా? ఎవరు?"

"ప్లాట్లోళ్లు. మీరు శాలువ కప్పుకొని నిలబడ్డరు. మీ ఎనుక తెల్ల గుర్రం ఉన్నది."

"గుర్రం ఎందుకు?"

"నాకేం ఎరుక మేడం. ప్లాట్ల ఫ్లెక్సీ మీద గుర్రం ఉంటది."

వెళ్లి చూశాను. ఇద్దరు మనుషుల ఎత్తున నేనే ఉన్నాను. నా తల మీద పెద్ద అక్షరాలు: "పట్నం కన్నా ఎక్కువ ఓజోన్! శాస్త్రీయంగా నిరూపితం! త్వరపడండి!" కింద వెంచర్ పేరులో కూడా ఓజోన్ ఉంది. గుర్రం నిజంగానే ఉంది. నేను దానికేసి కాక, కొనేవాళ్లకేసి చూసి నవ్వుతున్నాను.

అదే రోజు బాపు ఫోన్ చేశాడు. బస్సులోంచి చూశాడట. "బిడ్డా, నీ ఫోటో రోడ్డు మీద వెట్టిన్రు! లైట్లు గూడ వెట్టిన్రు! బస్సుల అందరికి చెప్పిన, మా బిడ్డనే అని." సూది వెయ్యని డాక్టరునని తెలిసినప్పుడు ఆగిన సంతోషం ఇన్నాళ్లకు ఆయన గొంతులో వినిపించింది. అది తప్పుడు ఫ్లెక్సీ అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మధ్యాహ్నం వెంచర్ ఆఫీసుకు వెళ్లాను. రేకుల గది, ఏసీ, గోడ మీద రంగు రంగుల లేఅవుట్. దాని యజమాని సర్పంచ్ తమ్ముడే. నన్ను చూడగానే లేచి నిలబడి చల్లటి నీళ్ల బాటిల్ ఇచ్చాడు.

"రాండ్రి మేడం, రాండ్రి. మీ పేరు చెప్పుకొని బతుకుతున్నం."

"ఫ్లెక్సీ తీసెయ్యుండ్రి. నా ఫోటో పెట్టనీకి నన్ను అడగలే మీరు. ఓజోన్ ఎక్కువుండుడు మంచిది గాదు."

"ఎట్ల గాదు మేడం?" అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. "ఆక్సిజన్ అంటె ఓ-రెండు. ఓజోన్ అంటె ఓ-మూడు. నేను గూడ ఇంటర్ బైపీసీనే. రెండున్నదానికి దవాఖానల పైసలు గడుతున్రు. మూడున్నది మేం ఉత్తగ ఇస్తున్నం."

నాకు నవ్వు వచ్చింది. అది దాచుకోవడానికి నీళ్లు తాగాను. తర్వాత ఇరవై నిమిషాలు చెప్పాను, లేఅవుట్ వెనకవైపు బొమ్మ వేసి మరీ చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. మా ఫైనలియర్ పిల్లల కన్నా బాగా విన్నాడు.

"సమజైంది మేడం. పైనున్నది మంచిది, కిందున్నది మంచిది గాదు."

"అమ్మయ్య."

"అయితె పైన ఫ్లోర్లు కడ్తం."

ఫోటో తీసేస్తానని మాత్రం ఒప్పుకున్నాడు. తీసేశాడు కూడా. నా జాగాలో బుగ్గలున్న ఒక చంటిపిల్లను పెట్టాడు. గుర్రాన్నీ, ఓజోన్‌నూ ముట్టుకోలేదు.

ఇక విలేకరి ఒక్కడే దిక్కు. ఫోన్ చేసి, వార్త తప్పుగా వచ్చిందని చెప్పి, సవరణ వేయమన్నాను.

"సవరణ ఎవరు సదువుతరు మేడం? అసలు సంగతేందో చెప్పుండ్రి, మళ్ల వార్తే వేస్తం."

కింద ఉండే ఓజోన్ వల్ల దగ్గు, ఆయాసం రావచ్చని, పిల్లలకూ ముసలివాళ్లకూ ఎక్కువ ఇబ్బందని, ఊరు చేసిన తప్పేమీ లేదని, పొగ పట్నానిదని, అందరూ భయపడాల్సిన పని లేదని వివరంగా చెప్పాను. "రావచ్చు" అనే మాటను చాలాసార్లు వాడాను. మా చదువులో అది ముఖ్యమైన మాట.

మర్నాడు వచ్చింది: "విషవాయువు గుప్పిట్లో పల్లె." ఒక్క "రావచ్చు" కూడా మిగల్లేదు. ఈసారి ఫోటోలో నేను వేలు చూపిస్తున్నాను. క్లాసులో బోర్డు చూపిస్తున్నప్పటిది, కాలేజీ సావనీర్ నుంచి తీశారు.

పదకొండు గంటలకల్లా సర్పంచ్ భర్త ఆటోలో వచ్చాడు. ఆటోలో నా డబ్బా ఉంది. తువ్వాలలో చుట్టి, గొట్టాన్ని మడిచి, జాగ్రత్తగానే తెచ్చాడు. ల్యాబ్ బల్ల మీద పెట్టి అన్నాడు:

"శాలువ గప్పినం మేడం మేము. మీరు గిట్ల జేస్తరనుకోలే. మా ఊరి ఇజ్జత్ తీసిన్రు."

"సార్, పట్నం పొగ మీ ఊరికి వస్తున్నది. అడగవలసింది పట్నాన్ని. డబ్బ ఏం జేసింది?"

"డబ్బ రాకముందు మా ఊర్ల ఏ గాలి లేకుండె."

అనుమతి రద్దు చేసినట్టు కాగితం ఇచ్చాడు. స్టాంపు గట్టిగా పడింది, సంతకం వంకరగా ఉంది. ఆ సంతకం ఆయనే పెట్టాడని నాకు అనిపించింది.

వారం తర్వాత వెంచర్ ముందు నుంచి వెళ్తూ ఆగాను. ఈ వార్త తర్వాతైనా జనం వెనక్కి తగ్గి ఉంటారని ఆశ. సర్పంచ్ తమ్ముడు గుమ్మంలోనే ఉన్నాడు, ముఖం వెలిగిపోతోంది.

"పేపర్ల విషమని వచ్చినంక గిరాకి ఆగలేదా?"

"ఎందుకాగుతది మేడం? పక్క వెంచరోళ్లు రాయించిన్రు అనుకున్నరు జనం. పక్కోడు అంత కడుపు మండి రాయించిండంటె గీడ ఏదో ఉన్నదని ఇంకో పదిమంది వచ్చిన్రు."

ఇంత చదివి, ఇన్నేళ్లు కొలిచి, నా మాట వల్ల భూమి ధర పెరిగిందే తప్ప ఎవరి ఊపిరీ తేలిక పడలేదు. మంచిదని చెప్పినా పెరిగింది, చెడ్డదని చెప్పినా పెరిగింది. చౌరస్తా డబ్బా ఒక్కటే నడుస్తోంది. పల్లె లేకుండా పట్నం అంకెకు అర్థం లేదు. పరిశోధన ఆపేసి ట్యూషన్లు చెప్పుకుందామా అని కూడా అనుకున్నాను.

డబ్బా వెనక్కి వచ్చిన మూడో వారంలో, ప్రాక్టికల్స్ నడుస్తుండగా, ల్యాబ్ గుమ్మంలో సర్పంచ్ నిలబడి ఉంది. ఒక్కతే వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ సంచీ. పిల్లల చేతుల్లోని గాజు గొట్టాలను కాసేపు చూసింది.

"డబ్బ ఏది మేడం?"

బీరువా పైన చూపించాను. తువ్వాల ఇంకా దానికే చుట్టి ఉంది.

"మా తువ్వాలే గిది," అంది. సంచీలోంచి కాగితం తీసింది. డబ్బాను మళ్లీ బడి మీద పెట్టుకోవడానికి అనుమతి. సంతకం నిటారుగా ఉంది. పక్కన స్టాంపు ఇంకా తడి ఆరలేదు.

"మీ ఆయన స్టాంపు ఇచ్చిండా అక్కా?"

"ఆయన జేబులున్నది ఆయనకే ఉన్నది. గీడ చౌరస్తల కొత్తది చేపించుకున్న. నడిమిట్ల ఆయనిచ్చిన కాయిదం మీద సంతకం నాది గాదు. నాది గీ కాయిదం మీదున్నది."

నేను ఆమెకు స్టూలు వేశాను. కూర్చోలేదు.

"మా మనుమడు అయిదో తరగతి. ఆటల పీరియడ్ అయినంక ఇంటికొచ్చి దగ్గుతుండు. నాకు మీ సైన్సంత వద్దు. ఆ గాలి ఏ యాళ్లకు ఎక్కువుంటది, ఏ యాళ్లకు తక్కువుంటది, గంతే చెప్పుండ్రి."

అప్పుడు నేను మా జాతి బుద్ధి చూపించాను. పిల్లవాడి దగ్గు ఓజోన్ వల్లే అని చెప్పలేమని, దుమ్ము కావచ్చని, వేరే జబ్బు కావచ్చని, ముందు దవాఖానలో చూపించమని, ఒక్క ఎండాకాలం లెక్కతో గట్టిగా అనలేమని చెప్పుకుంటూ పోయాను. ఆమె ఓపికగా నిలబడింది.

"దవాఖానల చూపెట్టిన. మందిచ్చిన్రు. గవన్ని సరే మేడం. పొద్దుగాల తక్కువనా, కాదా?"

"తక్కువే."

"మూడున్నరకు?"

"ఎక్కువ."

"ఆటలు మూడున్నరకే ఆడిపిస్తరు," అంది. గోడ మీద అతికించిన గ్రాఫు చూపించి, అది కావాలంది. తీసి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. అటెండర్‌ను పిలిచి, డబ్బా ఆటో ఎక్కించమంది. ఆటోను బయట ఆపే వచ్చింది.

తర్వాత ఏం జరిగిందో హెడ్‌మాస్టరు చెప్పారు. ఆమె బడికి వెళ్లి, గ్రాఫు ఆయన బల్ల మీద పరిచి, ఆటల పీరియడ్‌ను పొద్దున మొదటి గంటకు మార్చమంది. రూల్స్ ఒప్పుకోవని ఆయన అన్నారట. ఏ రూలో చూపించమందట. ఆయన వెతికారు, దొరకలేదు. మరుసటి వారం నుంచి పిల్లలు పొద్దున ఆడుకుని, చెమటలతో లెక్కల క్లాసులో కూర్చుంటున్నారు. లెక్కల సారు నన్ను ఇప్పటికీ క్షమించలేదు. సర్పంచ్ భర్త కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. మనుమడి దగ్గు తగ్గిందట. అది ఆటల వల్లో, మందు వల్లో, చలికాలం రావడం వల్లో నేను చెప్పలేను. ఆమె నన్ను అడగనూ లేదు.

లెక్కలన్నీ చేర్చి పరిశోధన పేపర్ రాసి ఒక జర్నల్‌కు పంపాను. దాన్ని తూకం వేసిన పెద్దమనిషి ఎక్కడో దూరదేశంలో ఉంటాడు. పల్లె లెక్కల్లో మూడు వారాల ఖాళీ ఎందుకుందని అడిగాడు. శాలువా, గుర్రం, రెండు స్టాంపులు, తువ్వాల, ఇవన్నీ ఇంగ్లీషులో ఎట్లా రాయాలో తెలియక, "స్థానిక కారణాల వల్ల" అని రాశాను. ఆయనకు సరిపోయింది. పేపర్ అచ్చయింది. మొబైల్ షాపు ఆయనకు ఒక కాపీ ఇస్తే, లామినేషన్ చేయించి గల్లా పెట్టె వెనక తగిలించాడు. ఆయన షాపు దగ్గర ఓజోన్ తక్కువుందని రాసి ఉంది కదా, అందుకట.

ఆ ఏడాది చివర కాలేజీకి తనిఖీ కమిటీ వస్తుందన్నారు. నా పరిశోధన వల్ల సమాజానికి కలిగిన ప్రయోజనం ఒక కాలమ్‌లో రాయమన్నారు. చాలా ఆలోచించి, నిజాయితీగా ఒకే వాక్యం రాశాను: ఒక ప్రాథమిక పాఠశాలలో ఆటల పీరియడ్ మధ్యాహ్నం నుంచి ఉదయానికి మారింది.

ప్రిన్సిపాల్ చదివి తలెత్తారు. "ఇంతేనా మేడం? ఇన్నేళ్లు కొలిచింది పీరియడ్ మార్చడానికేనా?"

"ఇంతే సార్."

"ఆ దుబ్బాక రోడ్డు వెంచర్ ముందు మీ సబ్జెక్టు పేరుతో పెద్ద ఆర్చి కట్టారు కదా. అది రాయొచ్చు కదా?"

వద్దని చాలా వాదించాను. చివరికి ఆర్చి మొదటి వరుసలోకి, ఫోటోతో సహా వచ్చింది. ఆటల పీరియడ్ రెండో వరుసలో, చిన్న అక్షరాల్లో మిగిలింది. కమిటీలోని పెద్దాయన కళ్లజోడు సర్దుకుని ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. రెండో వరుస గురించి అడుగుతారేమోనని నేను లేచి నిలబడ్డాను.

"మేడం," అన్నారు మెల్లగా, "ఆ వెంచర్‌లో ఇంకా ప్లాట్లు మిగిలున్నాయా?"